అంజూర కొమ్మకు నీటిలో వేర్లు

అంజూర కొమ్మను మట్టిలో నాటే ముందు నీటిలో వేర్లు పోయించడం నాకెంతో ఇష్టమైన పద్ధతి, ఎందుకంటే గాజు సీసాలో వేరు పుట్టుకను కళ్లారా చూడవచ్చు. పెన్సిలంత లావున్న ముదురు కొమ్మను జానెడు పొడవున, కణుపుకు సరిగ్గా దిగువన కోసి, కారే పాలను కడిగి, కింది ఆకులు తీసివేయాలి. చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగి కోత దగ్గర పోగుపడి వేర్లను పుట్టిస్తుంది. నీటిలో ఆక్సిజన్ తరిగిపోతుంది కనుక రెండు మూడు రోజులకొకసారి నీరు మార్చాలి. సీసాకు కాగితం చుడితే పాచి తగ్గుతుంది, చూడాలనిపించినప్పుడు తీసి మళ్లీ తొడగవచ్చు.

అసలు జాగ్రత్త మట్టిలోకి మార్చేటప్పుడే కావాలి. నీటిలో పుట్టిన వేర్లు పెళుసుగా ఉంటాయి, వాటికి నూగు తక్కువ. బాగా పొడవు పెరిగేదాకా ఆగితే విరిగిపోతాయి కాబట్టి, 3 నుంచి 5 సెంటీమీటర్లకు రాగానే ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలిపిన వదులైన మిశ్రమంలో నాటి, మొదటి వారం పది రోజులు తేమ ఆరకుండా నీడలో ఉంచాలి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదు మేడల మీది ఎండకు ఈ లేత వేర్లు తట్టుకోలేవు. తొలకరి పడ్డాక మార్చడమే ఉత్తమమని నా అభిప్రాయం. నందివర్ధనానికి, మందారానికి కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది. మునగ కొమ్మ మాత్రం నీటిలో కుళ్లిపోయే ప్రమాదం ఎక్కువ, దానిని నేరుగా నేలలోనే పాతాలి.