వర్క్‌షాపులో పర్యావరణ పాఠం: గాలి, కూలెంట్, నూనె గుడ్డ

జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినోత్సవం వస్తే చాలు, హైదరాబాద్ పక్కన బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి ఫ్యాక్టరీ షెడ్లలో గేటు పక్కన గొయ్యి తవ్వి ఓ వేపమొక్కో కానుగమొక్కో నాటుతారు. బ్యానర్ పట్టుకుని ఫొటో దిగుతారు, కార్మికులందరితో ప్రతిజ్ఞ చేయిస్తారు. ఆ ప్రతిజ్ఞ నడుస్తున్నంతసేపూ షెడ్డు వెనక కంప్రెసర్ (గాలిని నొక్కి ట్యాంకులో నింపే యంత్రం) డ్రెయిన్ వాల్వు బుస్సుమంటూనే ఉంటుంది. రోజూ వినే చప్పుడు కాబట్టి ఎవరి చెవికీ ఆనదు.

ఇరవై నుంచి యాభై మంది పనిచేసే చిన్న మెషిన్ షాపుల కోసం ఈ పోస్టు. నాలుగు లేతులు, ఒకటి రెండు మిల్లింగులు, రెండు మూడు సీఎన్‌సీలు, ఒక కంప్రెసర్ ఉన్న షెడ్డు అనుకోండి. ఇలాంటి చోట 'పర్యావరణం' అనే మాట ఐఎస్ఓ 14001 (పర్యావరణ నిర్వహణ ప్రమాణం) ఆడిటర్ వచ్చిన రోజున గోడ మీది పాలసీ బట్టీ పట్టడానికే పనికొస్తోంది. కార్మికుడితో ఆ మాట అనకుండానే పాఠం మొత్తం చెప్పొచ్చని నా అభిప్రాయం. నూనె, గాలి, కరెంటు, నీళ్లు. ఈ నాలుగు మాటలు చాలు.

క్లాసు రూములో ప్రొజెక్టర్ పెట్టి రెండు గంటలు చెప్పడం దండగ. షిఫ్టు మొదట్లో పది నిమిషాలు, ఆరేడుగురిని మిషన్ దగ్గరే నిలబెట్టి, వారానికి ఒక్క విషయం చెబితే సరిపోతుంది. షిఫ్టు అయిపోయాక పెడితే ఎవరి మనసూ ఇక్కడ ఉండదు, బస్సు మీద ఉంటుంది. ఆ పది నిమిషాలూ జీతం ఇచ్చే టైములోంచే తీయాలి. మనవాళ్లతో పాటు ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు కాబట్టి మాటలు తగ్గించి చేసి చూపించాలి. చూపించేది కూడా సేఫ్టీ ఆఫీసర్ కాకుండా సీనియర్ ఆపరేటర్ అయితే మేలు. "సార్ చెప్పాడు" కంటే "అన్న చేసి చూపించాడు" అన్నది ఎక్కువ రోజులు నిలుస్తుంది.

మొదటి వారం గాలితో మొదలుపెట్టండి. ఫలితం ఆ గంటలోనే కనబడేది ఇదొక్కటే.

భోజనం బ్రేకులో మిషన్లన్నీ ఆపి, లైన్ల వాల్వులు తెరిచే ఉంచి, కంప్రెసర్ ఆన్‌లో ఉంచాలి. గాలి వాడేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఒకసారి ట్యాంకు నిండాక కంప్రెసర్ మళ్లీ లోడు తీసుకోకూడదు, అంటే గాలి నొక్కడం మొదలుపెట్టకూడదు. తీసుకుంటోందంటే ఆ గాలంతా లీకుల్లో పోతున్నట్టే. లోడులో ఎన్ని సెకన్లు నడిచింది, ఖాళీగా ఎన్ని సెకన్లు ఉంది అన్నది ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కొలవాలి. ఐదుసార్లు కొలిచి సగటు తీయండి. లోడు టైమును మొత్తం టైముతో భాగిస్తే లీకు శాతం వస్తుంది. 90 సెకన్లు లోడు, 210 సెకన్లు ఖాళీ అయితే 300లో 90, అంటే 30 శాతం. కంప్రెసర్ 50 సీఎఫ్‌ఎం (నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలి) అయితే 15 సీఎఫ్‌ఎం ఎవరికీ పనికిరాకుండా పోతోందన్నమాట. 7 బార్ ప్రెషర్ దగ్గర రెండున్నర, 3 మిల్లీమీటర్ల బెజ్జం ఒక్కటే ఇంత గాలి వదిలేస్తుంది. దానికి సుమారు 3 కిలోవాట్ల కరెంటు. రెండు షిఫ్టులకు 16 గంటలు వేసుకుంటే 48 యూనిట్లు, యూనిట్ 8 రూపాయల చొప్పున రోజుకు 384 రూపాయలు. ఈ లెక్క బోర్డు మీద చాక్‌పీసుతో వాళ్ల చేతే వేయించండి. కార్బన్ ఉద్గారాల గురించి చెప్పేదానికంటే ఇది వంద రెట్లు ఎక్కుతుంది.

తర్వాత సబ్బు నీళ్లు. లీటరు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చెంచాలు కలిపి, స్ప్రే సీసాలోనో పెయింట్ బ్రష్‌తోనో ప్రతి జాయింటుకూ పట్టించాలి. ఎక్కువగా దొరికే చోట్లు ఇవి: ఎఫ్‌ఆర్‌ఎల్ యూనిట్ (గాలిని వడకట్టి, ప్రెషర్ సరిచేసి, నూనె కలిపేది) గిన్నె అడుగు, క్విక్ కప్లింగ్ లోపలి వాషర్, క్లిప్పు బదులు బైండింగ్ వైరుతో బిగించిన హోస్ మూతి, పీయూ (ఒక రకం ప్లాస్టిక్) ట్యూబు పుష్ ఫిట్టింగులు.

ఈ చివరిదాని దగ్గర కాసేపు ఆగాలి. ట్యూబు ఊడదీసి కొన చూపించండి. చాలాసార్లు యాక్సా బ్లేడుతో ఏటవాలుగా కోసి ఉంటుంది, అంచంతా పీచు పీచుగా ఉంటుంది. లోపలి ఓ-రింగ్ గుండ్రంగా పట్టాలంటే కొన నిటారుగా, నునుపుగా ఉండాలి. పదును బ్లేడుతో ఓ సెంటీమీటరు కోసేసి, లోపల తగిలేదాకా నొక్కి, మళ్లీ సబ్బు నీళ్లు పట్టించండి. నురగ రాదు. ఇదంతా ఒక నిమిషం పని. ఇంక ఆ కుర్రాడు జన్మలో యాక్సా బ్లేడుతో ట్యూబు కోయడు. టెఫ్లాన్ టేపు కూడా అంతే. మర మొదటి చుట్టు వదిలేసి, బిగించే దిశలోనే మూడు నాలుగు చుట్లు వేయాలి. తిరగేసి చుడితే బిగిస్తుంటేనే ఊడి వస్తుంది, ముక్కలు లైన్లోకి పోయి కరెంటుతో తెరుచుకునే సోలినాయిడ్ వాల్వులో ఇరుక్కుంటాయి.

ఇక్కడ పాఠం చెడిపోయే తీరు ఒకటుంది. లీకు దొరికిన చోటల్లా ఎర్ర ట్యాగు కడతారు, ఫిట్టింగులు కొనరు. మూడు నెలలైనా ట్యాగు అక్కడే వేలాడుతూ దుమ్ము పట్టి ఉంటుంది. తర్వాత ఏం చెప్పినా ఎవరూ వినరు, వినకపోవడమే న్యాయం. కాబట్టి పాఠానికి ముందే ఒక డబ్బాలో 8, 10 మిల్లీమీటర్ల పీయూ ట్యూబు, యూనియన్లు, ఓ-రింగులు, క్లిప్పులు, టేపు తెచ్చి పెట్టుకోవాలి.

డ్రెయిన్ వాల్వు సంగతి వేరు. ట్యాంకులో చేరిన నీళ్లు రోజూ వదలడం ఎవరి పని అన్నది తేల్చకపోతే, ఎవరో ఒకరు వాల్వు కొంచెం తెరిచి శాశ్వతంగా వదిలేస్తారు. అది నిర్లక్ష్యం అనలేం, వాడికి తెలిసిన పరిష్కారం అది. షిఫ్టుకు ఒక మనిషి పేరు రాసి పెట్టండి, లేదా ఆటో డ్రెయిన్ వేయించండి. అలాగే గాలి చాలడం లేదని ప్రెషర్ పెంచడం మాన్పించాలి. ప్రెషర్ పెంచితే లీకు కూడా పెరుగుతుంది, ఒక బార్‌కు దాదాపు 6, 7 శాతం కరెంటు అదనం. ఎయిర్ గన్‌తో బట్టలు దులుపుకోవడం మాత్రం మొదటి రోజే ఆపించాల్సిన పని. చిప్స్ (లోహపు తరుగు) ముక్క కంట్లో పడితే పోయేది కన్ను. మిషన్‌కొక బ్రష్ కట్టి ఉంచండి.

రెండో వారం కూలెంట్, అంటే లోహం కోసేటప్పుడు చల్లబరచడానికి పారే నీళ్లు, నూనె మిశ్రమం. ఆదివారం సెలవు తర్వాత సోమవారం పొద్దున షట్టర్ తీయగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే, సంపులో (మిషన్‌కుండే కూలెంట్ తొట్టిలో) బ్యాక్టీరియా పెరిగినట్టు. మిషన్ స్లైడుల (జారే పట్టాల) నుంచి కారిన నూనె కూలెంట్ మీద పొరలా తేలి గాలి తగలనివ్వదు. సెలవులో పంపు ఆగేసరికి, గాలి అక్కర్లేని బ్యాక్టీరియా అడుగున చేరి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. ఈ వాసన వచ్చాక సంపు మొత్తం పారబోయడం తప్ప దారి ఉండదనుకుంటారు. ఆ పారబోసేది కూడా ఎక్కువసార్లు బయటి కాలువలోకే. బాలానగర్ కాలువ కూకట్‌పల్లి నాలాలో, నాలా హుస్సేన్ సాగర్‌లో కలుస్తుంది. కాబట్టి కూలెంట్ పాఠం పారబోతతో మొదలవకూడదు, పారబోయాల్సిన రోజు రాకుండా చూసుకోవడంతో మొదలవ్వాలి.

ముందుగా కలపడం. డ్రమ్ములో నీళ్లు పోసి, కూలెంట్ నూనెను సన్నటి ధారగా పోస్తూ కర్రతో తిప్పాలి. ముందు నూనె పోసి దాని మీద నీళ్లు కుమ్మరిస్తే పాలు విరిగినట్టు ముద్దలు కడుతుంది, తర్వాత ఎంత తిప్పినా కలవదు. రెండు చిన్న సీసాల్లో రెండు రకాలుగా కలిపి చూపించండి, ఇంకేం చెప్పక్కర్లేదు. మామూలు టర్నింగు, మిల్లింగుకు 20 లీటర్ల నీళ్లకు లీటరు నూనె, అంటే సుమారు 5 శాతం. మీ నూనె డబ్బా మీద వేరే లెక్క ఉంటే అదే పాటించాలి. బోరు నీళ్లు కఠినంగా ఉంటే పైన జిడ్డు మీగడ కడుతుంది. కూలెంట్‌కు మంజీరా (నగర కుళాయి) నీళ్లు వాడటం నయం.

తగ్గిన మట్టం నింపడంలోనే ఎక్కువ నూనె దండగవుతుంది. 100 లీటర్ల సంపులో 30 లీటర్లు తగ్గిందనుకోండి. ఆవిరైంది ఎక్కువగా నీళ్లే కాబట్టి మిగిలిన 70 లీటర్లు చిక్కబడి 6.5 శాతం దాకా ఉంటుంది, అంటే అందులో నూనె 4.55 లీటర్లు. మొత్తం మీద 5 శాతం కావాలంటే 5 లీటర్లు ఉండాలి. కావలసింది అర లీటరు లోపే. హెల్పర్ మాత్రం అలవాటు ప్రకారం 5 శాతం మిశ్రమమే కలిపి పోస్తాడు, లీటరున్నర నూనె పోతుంది. అలా పోయగా పోయగా చిక్కబడిపోయి నురగ వస్తుంది, చేతులు పగిలి దురద పుడుతుంది. ఉత్త నీళ్లే పోసుకుంటూ పోతే కొన్నాళ్లకు పలచబడి జాబ్‌లు (మిషన్ మీద తయారయ్యే ముక్కలు) తుప్పు పడతాయి, వాసన మొదలవుతుంది.

దీనికి కూలెంట్‌లో నూనె శాతం తెలిపే రిఫ్రాక్టోమీటర్ కావాలి. చేతిలో పట్టే చిన్న గొట్టం, ఆపరేటరే వాడొచ్చు. ముందు శుభ్రమైన నీళ్లతో సున్నాకు సరిచేయాలి. పంపు పది నిమిషాలు నడిచాక నాజిల్ నుంచి పట్టిన రెండు చుక్కలు అద్దం మీద వేసి, మూత మూసి, వెలుతురు వైపు చూస్తే నీలం, తెలుపు కలిసే గీత కనిపిస్తుంది. అక్కడి అంకెను నూనె కంపెనీ ఇచ్చిన ఫ్యాక్టర్‌తో గుణించాలి. అంకె 4, ఫ్యాక్టర్ 1.2 అయితే 4.8 శాతం. గీత మసకగా ఉందంటే సంపు పైనున్న నూనె పొర శాంపిల్‌లోకి వచ్చినట్టు, మళ్లీ పట్టాలి. వారానికోసారి పీహెచ్ పేపరు కూడా ముంచండి. 8.5 నుంచి 9.5 మధ్య ఉండాలి, 8.5 కిందికి దిగుతుంటే చెడిపోవడం మొదలైనట్టే. పైన తేలిన నూనెను బెల్ట్ స్కిమ్మర్‌తో తీయొచ్చు. అది లేకపోతే సోమవారం పంపు ఆన్ చేయకముందే, పొర కదలకుండా ఉన్నప్పుడు మగ్గుతో తీసేయాలి. పంపు తిప్పాక తీద్దామంటే అంతా కలిసిపోతుంది. గుట్కా ఉమ్మడం, మిగిలిన టీ సంపులో పోయడం గురించి మొహమాటం లేకుండా చెప్పేయండి. అది బ్యాక్టీరియాకు భోజనం పెట్టడం.

మూడో వారం నూనె గుడ్డలు, వాడిన నూనె. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల జాబితాలో వాడేసిన నూనె 5.1 కింద, నూనె అంటిన గుడ్డలు 33.2 కింద వస్తాయి. సాధారణంగా 90 రోజులకు మించి షెడ్డులో ఉంచకూడదు. మనవాళ్లు డ్రమ్ము నిండిన రోజు తేదీ వేస్తారు. లెక్క మొదలయ్యేది మొదటి మగ్గు పోసిన రోజు నుంచి. ఆ తేదీ లేబుల్ మీద రాసే బాధ్యత నూనె పోసేవాడిదే కావాలి. లేబుల్ మెరిసే పసుపు రంగులో, 'ప్రమాదకర వ్యర్థం' అన్న మాట ఎర్ర అక్షరాల్లో తెలుగు, హిందీ, ఇంగ్లిషు మూడింటిలో ఉండాలన్నది నిబంధన. చదువురాని హెల్పర్‌కు కూడా ఆ రంగు గుర్తుంటుంది.

డ్రమ్ములో కూలెంట్, థిన్నర్, కిరోసిన్ ఏదీ కలపకూడదు. నూనె ఒక్కటే ఉంటే అనుమతి ఉన్న రీసైక్లర్ డబ్బిచ్చి తీసుకుంటాడు, నీళ్లు కలిస్తే ధర పడిపోతుంది, థిన్నర్ కలిస్తే ముట్టుకోడు. డ్రమ్ము కింద ట్రే పెట్టండి. అన్నిటికంటే పెద్ద డ్రమ్ము మొత్తం కారినా పట్టి, ఇంకో పదోవంతు ఖాళీ మిగిలేంత ఉండాలి.

వేస్ట్ కాటన్ (తుడవడానికి వాడే నూలు పీచు) వాడకం తగ్గాలంటే బోధన కంటే పంపిణీ ముఖ్యం. బస్తా విప్పి మధ్యలో పెడితే ఎవరైనా గుప్పెడు తీసి ఒక్కసారి తుడిచి పడేస్తారు. షిఫ్టు మొదట్లో తూకం వేసి ఒక్కొక్కరికి ఇవ్వండి. కొత్త కాటన్ ముందు పూర్తయిన జాబ్ తుడవడానికి, అదే తర్వాత మిషన్ స్లైడులకు, చివరికి నేల మీది నూనెకు. ఆ తర్వాత మూత ఉన్న ఇనుప డబ్బాలోకి. నూనె పీల్చడానికి చల్లిన రంపపు పొట్టు కూడా అందులోకే, ఊడ్చి బయట చెత్తలో కలిపితే వ్యవహారం మళ్లీ మొదటికొస్తుంది. ఈ డబ్బాలోది హైదరాబాద్ చుట్టుపక్కల యూనిట్లయితే దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పోవాలి, మున్సిపాలిటీ ఆటోలోకి కాదు.

చిప్స్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అల్యూమినియం, ఇత్తడి, ఇనుము కలవకుండా మూడు డబ్బాలు, అడుగున జల్లెడ, రాత్రంతా వాలుగా పెడితే కారిన కూలెంట్ మళ్లీ సంపులోకి. ఏ లోహం ఆ లోహంగా, ఆరి ఉంటే స్క్రాప్ కొనేవాడే రేటు పెంచుతాడు. డబ్బా మాత్రం మిషన్‌కు నాలుగు అడుగుల్లో ఉండాలి. ఇరవై అడుగుల దూరంలో పెట్టి, 'వేరు చేయడం లేదు' అని కార్మికుణ్ణి తిట్టడం అన్యాయం.

జరిమానాలు పెట్టకండి. నూనె ఒలికితే వంద రూపాయలు కోత అన్న రోజు నుంచి ఒలికిన నూనె ఎవరికీ కనిపించకుండా కాలువలోకి పోతుంది. దానికి బదులు నెలనెలా మూడు అంకెలు బోర్డు మీద రాయండి: కొన్న కటింగ్ ఆయిల్ లీటర్లు, వేస్ట్ కాటన్ కిలోలు, కరెంటు యూనిట్లు. పక్కనే ఆ నెల తయారైన జాబ్‌ల సంఖ్య. అది లేకపోతే పని తక్కువున్న నెలలో తగ్గిన కరెంటును చూసి అందరూ చప్పట్లు కొడతారు.

కాంట్రాక్టు మనుషులు మారుతూనే ఉంటారు. ఈ మూడు వారాల పాఠం మూడు నెలలకోసారి మళ్లీ మొదటి నుంచి నడపాలి. కొత్త హెల్పర్ వచ్చిన రోజు మాత్రం ఆగకుండా మూడు చోట్లకు తీసుకెళ్లండి: పసుపు లేబుల్ డ్రమ్ము, కంప్రెసర్ డ్రెయిన్ వాల్వు, వర్షపు నీళ్ల కాలువ మూత. ఆ మూత మీద ఎర్ర పెయింటుతో చేప బొమ్మ వేసి ఉంచండి, అందులో వాన నీళ్లు తప్ప ఇంకేమీ పోయకూడదని చేయి పెట్టి చూపించండి.