డేరాలో బిల్లు, హసన్‌పర్తిలో ప్లాటు

దుబాయ్‌లో పన్నులు ఉండవన్నది మా వరంగల్ వైపు గట్టి నమ్మకం. సెలవు మీద ఇంటికి వెళ్లినప్పుడల్లా హన్మకొండ చౌరస్తాలో ఎవరో ఒకరు అననే అంటారు: "మీకేం అన్నా, వచ్చిందంతా మిగులే!" జీతం మీద పన్ను లేని మాట నిజమే. నా జీతం చీటీలో పన్ను కోత కనిపించదు. కానీ నేను చేసేది అద్దె ఇళ్ల వ్యవహారాలు చూసే ఆఫీసులో పని. దుబాయ్‌లోని డేరా అనే పేటలో కొన్ని పాత భవనాలకు అద్దె ఒప్పందాలు రాయడం, ముందు తేదీలు వేసిన చెక్కులు తీసుకోవడం, ఖాళీ చేసేవాళ్ల డిపాజిట్ లెక్కలు తేల్చడం నా బాధ్యత. ఈ ఊరు ఒక మనిషి జేబులోంచి ఎక్కడెక్కడ, ఎంతెంత తీసుకుంటుందో తెలిపే కాగితాలన్నీ నా బల్ల మీదుగానే పోతుంటాయి.

ఒక పడకగది ఫ్లాటును ఏడాదికి 60,000 దిర్హాములకు ఇచ్చామనుకోండి. ఒప్పందాన్ని ముందు ఈజారీలో నమోదు చేయాలి. అది అద్దెల కోసం ప్రభుత్వం 2010లో మొదలుపెట్టిన రిజిస్టరు. దానికో ఫీజు. ఆ కాగితం లేకపోతే కరెంటు కనెక్షన్ రాదు. కనెక్షన్‌కు 2,000 దిర్హాముల డిపాజిట్. తర్వాత నెలనెలా దేవా, అంటే దుబాయ్ కరెంటు, నీళ్ల సంస్థ, పంపే బిల్లులో కరెంటుకో వరుస, నీళ్లకో వరుస, మురుగునీటికో వరుస, వాటి కింద గృహ రుసుము. ఏడాది అద్దెలో 5 శాతాన్ని పన్నెండు భాగాలు చేసి నెలకు ఒక భాగం వేస్తారు. 60,000 అద్దెకు నెలకు 250 దిర్హాములు. ఆ దేశ పౌరులకు ఇది ఉండదు, మనలాంటి వాళ్లకే.

కొత్తగా కుటుంబాన్ని తెచ్చుకున్న జగిత్యాల కుర్రాడొకడు మొదటి బిల్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, పది రోజులైంది దిగి. ఏసీ కూడా సరిగ్గా వేయలేదు. ఈ 250 ఎక్కడిది?" అని అడిగాడు. చెప్పాను. కాసేపు బిల్లును కిందా మీదా చూసి, "అంటే ఇది ఇంటిపన్నే కదా" అన్నాడు. అంతే, పేరే వేరు. "మా బాపు జగిత్యాలలో సొంతింటికి ఏడాదికి కట్టేదానికన్నా నేను అద్దె ఇంటికి నెలకు కట్టేదే ఎక్కువ" అని నవ్వాడు. నవ్వు వచ్చినా రాకపోయినా కట్టక తప్పదు. ఈ రుసుము వసూలుకు గుమ్మం దాకా ఏ బిల్ కలెక్టరూ రాడు. బిల్లు కట్టకపోతే కరెంటు పోతుంది. జూలై నెలలో దుబాయ్‌లో కరెంటు లేని ఇంట్లో ఒక్క పూట కూడా ఉండలేం.

ఇక్కడ నాకు ఆసక్తిగా తోచే సంగతి ఒకటుంది. మన మున్సిపాలిటీల్లో కూడా నివాస గృహాల పన్ను లెక్క అద్దె విలువ మీదే. కాకపోతే అది కాగితం మీది అద్దె: ఏ ప్రాంతం, ఎలాంటి కట్టడం, ఎన్నేళ్ల పాతది అని చూసి, చదరపు మీటరుకు ఇంత వస్తుందని ఊహించి వేసేది. హన్మకొండ నయీంనగర్‌లోనో కిషన్‌పురలోనో మూడంతస్తుల ఇంటిని గదులు గదులుగా విద్యార్థులకు ఇచ్చిన యజమానికి నిజంగా ఎంత వస్తుందో అతనికి, అతని భార్యకు తప్ప మూడో మనిషికి తెలియదు. డేరాలో అసలు అద్దె ఎంతో సర్కారు రిజిస్టరులో ఉంటుంది కాబట్టి ఆ 5 శాతం ఊహ కాదు, లెక్క.

అద్దె రాసుకున్న ఊరికి దాన్ని అదుపు చేసే వీలు కూడా ఉంటుంది. 2013 నాటి 43వ నంబరు ఉత్తర్వు ప్రకారం, చుట్టుపక్కల సగటు అద్దె కన్నా మీరు కట్టేది 10 శాతం లోపు మాత్రమే తక్కువగా ఉంటే యజమాని పైసా పెంచకూడదు. తేడా పెరిగేకొద్దీ 5, 10, 15 శాతం వరకు పెంచవచ్చు; 40 శాతానికి మించి తేడా ఉన్నా 20 శాతం దాటకూడదు. పెంచదలచుకుంటే ఒప్పందం ముగియడానికి 90 రోజుల ముందే చెప్పాలి. 2025 జనవరిలో వచ్చిన కొత్త అద్దె సూచీ భవనం నాణ్యతను కూడా చూస్తుంది. మా యజమానులు ఇందుకు గొణుగుతూనే ఉంటారు. 89వ రోజున గుర్తొచ్చి నోటీసు పంపమనే వాళ్లకు కుదరదని చెప్పడం నా ఉద్యోగంలో నాకు బాగా నచ్చే భాగం. హన్మకొండలో మా చెల్లెలు అద్దెకున్న ఇంట్లో నోటీసు అంటే ఇంటావిడ సాయంత్రం బట్టలు తీస్తూ "వచ్చే నెల నుంచి రెండు వేలు ఎక్కువ ఇవ్వండమ్మా" అనడమే.

దుబాయ్‌కి మొదటి నుంచీ చమురు తక్కువే. అబుధాబికి ఉన్న నిల్వలు దీనికి లేవు. బడ్జెట్‌లో చమురుది చిన్న వాటా. ప్రభుత్వ సేవల ఫీజులదే పెద్ద వాటా. కారు సాలిక్ అనే టోల్ గేటు కింద నుంచి పోతే 4 దిర్హాములు, 2025 నుంచి రద్దీ వేళల్లో 6. పార్కింగ్‌కు వేరే. ఇల్లు కొంటే రిజిస్ట్రేషన్‌కు 4 శాతం. 2013కు ముందు అది 2 శాతమే. 2018 నుంచి సరుకుల మీద 5 శాతం వ్యాట్, 2023 నుంచి కంపెనీల లాభాల మీద 9 శాతం పన్ను కూడా వచ్చాయి. అవి దేశమంతటా ఉన్నవి. ఇదీ చాలక, రుసుములు వసూలు చేసే సంస్థల్లోనే వాటాలు అమ్మింది దుబాయ్: 2022లో కరెంటు సంస్థ, అదే ఏడాది సాలిక్, 2024లో పార్కింగ్ సంస్థ. రేపు రాబోయే టోల్ డబ్బును ఈరోజే మార్కెట్లో కొంత పిండుకోవడం అన్నమాట. తెలివైన పనే. టోల్ రేటు పెరిగితే ఇప్పుడు వాటాదారులు కూడా సంతోషిస్తారు, కాబట్టి తగ్గుతుందని మనం ఆశ పెట్టుకోనక్కర్లేదు.

ఇదంతా ఎప్పుడూ ఇంత నున్నగా నడవలేదు. 2009 నవంబరులో దుబాయ్ వరల్డ్ అనే ప్రభుత్వ సంస్థ అప్పులు తీర్చడానికి గడువు కావాలంది. డిసెంబరులో అబుధాబి 1,000 కోట్ల డాలర్లు సర్దింది. ఆ తర్వాత 2010 జనవరి 4న ప్రారంభించిన బుర్జ్ దుబాయ్‌కి ఆ రోజే అబుధాబి పాలకుడి పేరు పెట్టారు. అదే బుర్జ్ ఖలీఫా. పేరు మారిన సంగతి అందరికీ తెలుసు. ఆ రోజుల్లో కట్టడాలు మధ్యలో ఆగిపోయి మన కరీంనగర్, నిజామాబాద్ వైపు మేస్త్రీలు, ఫిట్టర్లు ఏజెంటుకు చేసిన అప్పుతో సహా తిరిగొచ్చారు. ఒక నగరం అప్పు పెద్దన్న చెల్లించాడు. వీళ్ల అప్పు వీళ్లే కట్టుకున్నారు, మూడు రూపాయల వడ్డీతో.

దుబాయ్ జమాఖర్చుల్లో నాకు అసలైన కిటుకు ఇక్కడే కనిపిస్తుంది. ఏ నగరానికైనా పెద్ద ఖర్చులు పిల్లల చదువు, పేదల ఇళ్లు, ముసలివాళ్ల పోషణ. ఈ ఊరికి వచ్చే పనివాడు ఇరవై రెండేళ్లకు, పెంపకం ఖర్చంతా సిరిసిల్లలోనో భూపాలపల్లిలోనో పూర్తయ్యాక దిగుతాడు. మంచం ఇచ్చేది కంపెనీ. సోనాపూర్, అల్ ఖూజ్ కార్మికుల క్యాంపులు అందుకే ఉన్నాయి. ఉద్యోగం పోతే వీసా గడువు తీరేలోగా వెళ్లిపోవాలి. పెన్షన్ లేదు, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపై ఏడాదికి 30 రోజులది లెక్కగట్టి చేతిలో పెడతారు. యాభై ఐదేళ్లకు మోకాళ్లు అరిగి ఇంటికి చేరాక మందులు వరంగల్ ఎంజీఎం సర్కారు ఆసుపత్రిలో. ఆ మనిషి బాల్యం, ముసలితనం వరంగల్ ఖాతాలో. మధ్యలో గట్టిగా ఉన్న ముప్పై ఏళ్లు దుబాయ్ ఖాతాలో. అలాంటి లెక్క దొరికితే ఏ మేయరైనా ఆదాయపు పన్ను లేకుండానే ఊరు నడుపుతాడు.

మధ్యస్థంగా ఉన్నవాళ్ల పాట్లు వేరు. క్యాంపుకు చెందరు, ఫ్లాటుకు చాలరు. హాలుకు చెక్క గోడలు పెట్టి, పరదాలు కట్టి, మంచాల లెక్కన అద్దెకు తీసుకుంటారు. 2025 జూన్‌లో రిగ్గా, మురఖబాత్, సత్వా వంటి చోట్ల అనుమతి లేని ఈ అడ్డుగోడల మీద మున్సిపాలిటీ తనిఖీలకు దిగింది. నిప్పు అంటుకుంటే బయటపడే దారి ఉండదు కాబట్టి తనిఖీ న్యాయమే. కానీ ఆ వారం నా బల్ల ముందు నిలబడ్డవాళ్లకు ఈ న్యాయంతో పని లేదు. ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలన్నదే వాళ్ల ప్రశ్న. దానికి ఏ సూచీలోనూ జవాబు లేదు.

ఇక మేము పంపే డబ్బు సంగతి. అది వరంగల్ చేరి ఎక్కువగా భూమి అవుతుంది. నాది హసన్‌పర్తి వైపు ప్లాటు. మా కాక చూసి బేరం చేశాడు. ఎర్రమట్టి రోడ్డు, తెల్ల సున్నం పూసిన హద్దు రాళ్లు, ప్రవేశం దగ్గర కమాను, కమాను వెనక పత్తి చేను. రిజిస్ట్రేషన్‌కు తెలంగాణలో ఇప్పుడు మొత్తం 7.5 శాతం: స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. ఇందులో స్థానిక సంస్థల కోసమని ఉన్నది ఆ ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒక్కటే. అదీ ప్రభుత్వ విలువ మీద. చేతులు మారే అసలు ధర మీద కాదు. రేపు రోడ్డు, మోరీ, మంచినీళ్లు ఇవ్వాల్సింది మాత్రం కార్పొరేషనే. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసేందుకు 2020లో ఎల్‌ఆర్‌ఎస్ అనే పథకం పెట్టారు. వెయ్యి రూపాయలు కట్టి అందరం దరఖాస్తు చేశాం. ఏళ్ల తరబడి అది కదలలేదు. 2025లో 25 శాతం రాయితీ అని మళ్లీ తలుపు తీశారు. పార్కుకు స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం విడిగా కట్టాలి. కట్టొచ్చు, కానీ అప్పటికే ప్లాట్లుగా కోసేసిన చోట పార్కు ఎక్కడ వేస్తారు?

ముందే పద్ధతిగా చేద్దామన్నా మన దగ్గర నమ్మకం లేదు. 2022లో కుడా, అంటే మా కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల 27 గ్రామాల్లో 21 వేల ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్‌కు, అంటే రైతుల భూమి తీసుకుని అందులో కొంత ప్లాట్లుగా తిరిగిచ్చే పద్ధతిలో, తీసుకుంటామంది. రైతులు రోడ్డెక్కారు, ఆ ప్రకటన వెనక్కి పోయింది. నేను రైతుల పక్షమే. తిరిగి ఇచ్చే ప్లాటు ఎప్పుడొస్తుందో చెప్పని వాళ్లకు పంట భూమి ఎవరిస్తారు? అయితే పూలింగ్ ఆగినంత మాత్రాన ప్లాట్లు ఆగలేదు. 1970ల నాటి మాస్టర్ ప్లానుతో దశాబ్దాల పాటు నెట్టుకొచ్చిన ఊరు, మా లాంటి వాళ్ల డబ్బు ఎటు పారితే అటు పెరిగింది.

వాన ఇవన్నీ బయటపెడుతుంది, రెండు ఊళ్లలోనూ. 2023 జూలైలో హన్మకొండ, వరంగల్ కాలనీలు మునిగినప్పుడు నేను ఇక్కడ ఫోనులో వీడియోలు చూస్తూ కూర్చున్నాను. 2024 ఏప్రిల్ 16న దుబాయ్ మునిగింది. 75 ఏళ్ల రికార్డుల్లో అంత వాన లేదు. ఈసారి అమ్మ ఫోను చేసి మేడ మీదికి పొమ్మంది. తర్వాతే తేడా. దుబాయ్ ఆ జూన్‌లోనే 3,000 కోట్ల దిర్హాములతో వాన నీటి కాలువల పథకం ప్రకటించింది. 2025 జనవరి నుంచి బిల్లులో మురుగునీటి వరుస కూడా పెరిగింది: గ్యాలనుకు 1.5 ఫిల్స్ (దిర్హాముకు వంద ఫిల్స్), 2026లో 2, 2027లో 2.8. మూడేళ్ల రేట్లు ముందే చెప్పేశారు. వరంగల్‌లో నయీంనగర్ నాలా వెడల్పు చేశారు, పాత వంతెన కూల్చి కొత్తది కట్టారు. 2024 నవంబరులో భూగర్భ డ్రైనేజీకి రాష్ట్ర ప్రభుత్వం 4,170 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అది కార్పొరేషన్ సొంత పన్నులతో కలలో కూడా కూడని మొత్తం. హైదరాబాద్ ఇస్తే ఉంటుంది, ఇవ్వకపోతే లేదు.

ఇంటిపన్నుకు ఏప్రిల్‌లో ముందుగా కట్టినవాళ్లకు 5 శాతం తగ్గింపు. ఏళ్లుగా ఎగవేసినవాళ్లకు, ఒకేసారి కడితే పాత బాకీ వడ్డీలో 90 శాతం మాఫీ అని అప్పుడప్పుడు ప్రకటిస్తుంటారు. మా అమ్మ ఏటా ఏప్రిల్‌లోనే కడుతుంది. మాఫీ మాట వినపడినప్పుడల్లా, "మనం కూడా ఆగి ఉంటే బాగుండేదేమో" అంటుంది. నా దగ్గర జవాబు ఉండదు.

పోయిన సెలవులో మా డివిజన్ నాయకుడొకాయన పెళ్లిలో కలిశాడు. మంచి మనిషి. నా ఫోనులో దేవా బిల్లు చూపించి, మోరీలకని ఇలా ఒక వరుస వేసి, రేటు ముందే చెప్పి, ఆ డబ్బు మోరీకే పెడితే నాలాంటి వాళ్లు కడతారని అన్నాను. బిల్లు అంతా శ్రద్ధగా చూశాడు. "అక్కడ నడుస్తుంది తమ్ముడూ, ఇక్కడ ఓట్లుంటాయి" అన్నాడు.

నా ఓటూ అదే డివిజన్‌లో ఉంది. ప్రవాసులు ఓటు వేయాలంటే స్వయంగా పోలింగ్ కేంద్రానికి రావాల్సిందే. ఎన్నికలు ఏప్రిల్‌లో వస్తే మాకు అది ఒప్పందాలు తిరగరాసే సీజను, సెలవు ఇవ్వరు. గృహ రుసుము కట్టే ఊళ్లో ఎన్నేళ్లున్నా ఓటు రాదు. ఆయనకు ఇదే చెబితే, "అయితే మీ కాకతో వేయించు" అని నవ్వి భోజనానికి పిలిచాడు.