బోల్టు ఎక్కడ బిగించాడు?

"గాల్లో బిగించాడా, నేల మీద బిగించాడా?" కారు సంగతి చెప్పగానే మా నాయన మెకానిక్ గురించి అడిగిన మొదటి ప్రశ్న ఇది. బోల్టు బోల్టే కదా, ఎక్కడ బిగిస్తే ఏమిటి అనుకున్నాను.

రాయచోటి నుంచి కడపకు వస్తున్నాం. గువ్వలచెరువులో పాలకోవా కొనుక్కుని ఘాట్ దిగుతుంటే, బ్రేకు వేసిన ప్రతిసారీ ఎడమ ముందు చక్రం దగ్గర 'టక్'మని చప్పుడు, స్టీరింగు ఒకవైపు లాగడం. ఇంటికొచ్చి చూస్తే ఆ టైరు లోపలి అంచు అరిగిపోయి ఉంది. చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్షులు పోయాయని నాయన కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశాడు. ఆర్టీసీ గ్యారేజీలో 32 ఏళ్లు బస్సుల కింద గడిపిన మనిషి. ఇప్పుడు ఆయన మోకాళ్లు వంగవు కాబట్టి కింద దూరే పని నాది, అరిచే పని ఆయనది.

నా కోపమల్లా వేరే. ఆ బుష్షులు రెండు వైపులా 14 నెలల క్రితమే మార్పించాను. కారు 11 వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. నాసిరకం సరుకు వేసి ఉంటాడన్నాను. "సరుకును తర్వాత తిడుదువు. ముందు విప్పు పాపా" అన్నాడు.

మా వాకిలి నిండా కడప బండలే. నున్నటి బండ మీద ఇనుప స్టాండు జారుతుందని కింద చెక్కలు వేయించాడు. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టించాడు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద తల పెడితే ఆ రోజు అన్నం ఉండదని చిన్నప్పటి గొంతుతో చెప్పాడు. నేను బ్యాంకులో 16 ఏళ్లుగా పనిచేస్తున్నాను. అయినా భయం వేసింది.

ఆర్మ్ ఊడదీయడం అంత కష్టం కాలేదు. ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే బాల్ జాయింట్ బోల్టును వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి లాగాలి. అది జాయింట్ గాడిలో అడ్డంగా కూర్చుంటుంది. అది తెలియక పావుగంట సుత్తితో బాదాను. నాయన చూస్తూ కూర్చున్నాడు, చెప్పలేదు.

వెనక బుష్షును చేతిలోకి తీసుకుని వేలితో నొక్కాను. రబ్బరు చీలిక తిన్నగా లేదు. తడిగుడ్డను పిండినప్పుడు పడే ముడతలా, లోపలి గొట్టం చుట్టూ ఏటవాలుగా ఉంది.

"గాల్లోనే బిగించాడు" అన్నాడు నాయన.

ఈ బుష్షు తలుపు బందులాంటిది కాదు, లోపల ఏదీ జారదు. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక గొట్టం, నడుమ రెండింటికీ అతుక్కున్న రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలకుండా పట్టుబడుతుంది. చక్రం లేచి దిగినప్పుడల్లా రబ్బరే మెలి తిరిగి వెనక్కి వస్తుంది. కారును ఎత్తి, చక్రం వేలాడుతుండగా బిగిస్తే ఆ వేలాడే భంగిమే రబ్బరుకు విశ్రాంతి స్థితి అవుతుంది. కారును కిందికి దించిన క్షణం నుంచి అది మెలితిరిగే ఉంటుంది. మా కారు వీధిలో నిలబడి ఉన్నప్పుడు కూడా దానికి విశ్రాంతి లేదన్నమాట. పాపం, సరుకును తిట్టాను.

పాత బుష్షులో ఖాళీలు ఎటు తిరిగి ఉన్నాయో మా అబ్బాయి వైట్‌నర్‌తో ఆర్మ్ మీద గుర్తు పెట్టుకుని, బుష్షును బయటికి నెట్టడానికి ఆర్మ్‌ను వైసులో బిగించాం. ఒకవైపు సాకెట్టు, మరోవైపు నాయన ట్రంకుపెట్టెలోంచి తీసిన జీఐ పైపు ముక్క. బయటి గొట్టం ఎంతకీ రాలేదు. హాక్సా బ్లేడుతో నిలువునా కోశాను. ఆర్మ్‌కు గాటు పడకూడదని చివరి నూలుపోగంత మందానికి పది నిమిషాలు పట్టింది. కొత్తదాన్ని సబ్బునీళ్లతో ఎక్కించాం. గ్రీజు డబ్బా తీయబోతే చేతిమీద కొట్టాడు. నూనె తగిలితే రబ్బరు ఉబ్బుతుందట.

ఆర్మ్‌ను ఎక్కించి, బోల్టులు వేలితో తిప్పి వదిలేశాను. బాల్ జాయింట్ కింద జాకీ పెట్టి, బాడీ స్టాండు మీంచి వెంట్రుకవాసి లేచేదాకా పైకెత్తాం. అప్పుడు ఆర్మ్, కారు నేల మీద ఉన్నప్పుడు ఉండే చోటికి వస్తుంది. "ఇప్పుడు బిగించు" అన్నాడు. ఎదురింటి నుంచి అరువు తెచ్చిన టార్క్ రెంచి, బిగువు సరిపోగానే టిక్కుమంది.

మరునాడు అలైన్‌మెంట్ చేయించి, మా వీధి చివరి స్పీడ్ బ్రేకర్ మీద మూడుసార్లు బ్రేకు వేశాను. చప్పుడు లేదు. పక్క సీట్లో నాయన అద్దం దించి, చెవి బయటపెట్టి కూర్చున్నాడు. నా మొహం వెలిగిపోవడం చూసి కూడా ఏమీ అనలేదు. ఇంటి ముందు కారు ఆపాక అడిగాడు:

"కుడివైపుది కూడా వాడే కదా బిగించింది?"