మడత చాకు, ఎర్ర మార్కర్

నాకు సెకండ్ షిఫ్ట్ పడ్డాక మా అన్నయ్య మడత చాకు ఒకటి తెచ్చిచ్చాడు. "బ్యాగులో పడుంటే ధైర్యం" అన్నాడు. ధైర్యం సరే, అవసరానికి అక్కరకొస్తుందా? అది తేల్చుకుందామనే కూకట్‌పల్లిలో సెల్ఫ్ డిఫెన్స్ క్లాసులో చేరాను.

మాస్టర్ దాన్ని తెరిచి, అలుగు వీపు మీద వేలితో నొక్కారు. టప్పున మూసుకుంది. "లాక్ లేదమ్మా దీనికి. గట్టిగా దేనికైనా తగిలితే తెగేది నీ వేళ్లే" అన్నారు. పైగా తెరవాలంటే రెండు చేతులూ కావాలి, సన్న గాడిలో గోరు పెట్టి లాగాలి. గోళ్లు తీసుకున్న రోజు ఇంట్లో తీరిగ్గా కూర్చున్నా రాదు.

తర్వాత ఇద్దరం పాత తెల్ల టీషర్టులు వేసుకున్నాం. చాకు బదులు నా జేబులో ఎర్ర మార్కర్. ఆయన నాలుగడుగుల దూరం నుంచి మీదికొస్తారు, నేను మార్కర్ తీసి, మూత ఊడదీసి గీయాలి. మూత ఊడకముందే నా మణికట్టు ఆయన గుప్పిట్లో ఉండేది. ముందే తీసి పట్టుకుంటే లాక్కున్నారు. ఆయన చొక్కా మీద ఒకటి రెండు గీతలు. నాకు మోచేతి నుంచి మెడ దాకా ఎరుపే. "గీత పడ్డాక నేను ఆగానా?" అని నవ్వారు.

అమెరికన్ పోలీసు డెనిస్ ట్యూలర్ 1983లోనే ఈ లెక్క రాశాడట: తుపాకీ తీసి కాల్చడానికి పట్టే ఒకటిన్నర సెకనులో మనిషి 21 అడుగులు దాటేస్తాడు. ఇక గోరుతో లాగే చాకు ఎంత!

చట్టం సంగతీ కనుక్కున్నాను. ఆత్మరక్షణ హక్కు మనకుంది, కానీ భారతీయ న్యాయ సంహిత 37వ సెక్షన్ ప్రకారం అవసరానికి మించి హాని చేయకూడదు. పొడిచాక ఆ 'అవసరం' నిరూపించుకునే తిప్పలు మనవే. అసలు మెట్రోలోకి చాకే రానివ్వరు. పెప్పర్ స్ప్రేకైతే మహిళలకు 2019 డిసెంబరులో హైదరాబాద్ మెట్రో అనుమతిచ్చింది.

అందుకే స్ప్రే కొన్నాను. అదీ బ్యాగు అడుగున ఉంటే దండగే. స్టేషన్ మెట్లు దిగుతూనే చేతిలోకి తీసుకుంటాను, బొటనవేలు సేఫ్టీ క్యాచ్ మీద. ఎదురుగాలిలో కొడితే మన కళ్లకే తిరిగొస్తుంది. కొట్టగానే నిలబడకుండా వెలుగున్న వైపు పరిగెత్తడం, అరవడం, 112కి ఫోన్ చేయడం, వీటినే మాస్టర్ ఎక్కువసార్లు చేయించారు. కొనేవాళ్లు డబ్బా మీద ఎక్స్‌పైరీ చూసుకోండి, పాతబడితే ప్రెషర్ తగ్గుతుంది.