విమానాన్ని అడిగారు, బస్సుని అడగలేదు

"లోపలికి పోదు సార్, తిప్పుకోడానికి జాగా లేదు" అని కండక్టర్ మెయిన్ రోడ్డు మీదే దింపేశాడు. హైదరాబాద్ కోకాపేటలో అన్నయ్య వాళ్ళ కొత్త ఫ్లాట్‌కి అక్కణ్ణుంచి ఇరవై నిమిషాల నడక. పక్క నుంచి కాంక్రీట్ లారీలు. నా ముందు ఇద్దరు ఆడవాళ్ళు, ఇళ్ళలో పనికి వెళ్ళేవాళ్ళు, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నడుస్తున్నారు.

గేటు దగ్గర అనుమతుల బోర్డు కనిపిస్తే నిలబడి మొత్తం చదివా. ఫైర్ ఎన్‌ఓసీ, పర్యావరణ అనుమతి, ఎత్తుకి ఎయిర్‌పోర్ట్ వాళ్ళ ఎన్‌ఓసీ. పైన పోయే విమానాన్ని అడిగారు గానీ కింద తిరిగే బస్సు ఊసే లేదు!

2023 భూముల వేలంలో ఎకరం 100 కోట్లు దాటిన చోటు ఇది. బస్సు ఆగడానికి కాస్త జాగా వదిలితే ఏం పోయేదో.

వదిన లండన్‌లో ఉండొచ్చింది. అక్కడ 150 ఇళ్ళు దాటిన ప్రాజెక్టయితే మేయర్ దాకా వెళ్ళాలట, రవాణా సంస్థ మాట కూడా వింటారట. స్టాప్ ఎంత దూరం, బస్సు ఎంతసేపటికొకటి అని స్థలానికి మార్కులేస్తారట. "మనకైతే సున్నానే" అని నవ్వాడు అన్నయ్య.

సాయంత్రం కార్లో స్టాప్ దాకా దింపాడు. పొద్దున చూసిన ఆ ఇద్దరూ అప్పటికే అక్కడున్నారు, బస్సు కోసం.