సిరొంచ సిబ్బి

మా అమ్మకు బతుకమ్మ పేర్చాలంటే వెదురు సిబ్బే, అంటే వెదురుతో అల్లిన పళ్ళెమే కావాలి. స్టీలు తాంబాళంలో తడి నిలిచి అడుగున గుమ్మడాకు కుళ్ళుతుంది, సిబ్బికైతే గాలి ఆడుతుంది అంటుంది. 2025లో పండుగ ముందు అటక మీది పాత సిబ్బి దించితే, పుచ్చు పట్టి చేతిలోనే పొడై రాలింది. భూపాలపల్లిలో నాలుగు దుకాణాలు తిరిగాను. ప్లాస్టిక్ పళ్ళేలు చూపించారు. గోదావరి అవతల సిరొంచలో ఉన్న మా పెద్దమ్మ కూతురికి ఫోన్ చేస్తే, "మేదరోళ్ళు మా ఇంటెనకే ఉంటరు, నువ్వు బస్సెక్కు" అంది.

బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూలకు పన్నెండు రోజులుందనగా బయల్దేరాను. కాళేశ్వరం దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. మే నెలలో సరస్వతీ పుష్కరాలకు కిక్కిరిసిపోయిన ఘాట్లు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. గోదావరి మాత్రం ఒడ్డుకు ఒడ్డు ఆనుకుని నిండుగా పారుతోంది. అక్క పెళ్ళినాటికి ఇక్కడ బ్రిడ్జి లేదు. సారె సామానంతా నాటు పడవలో దాటించారు, బీరువా ఒక పక్కకు ఒరుగుతుంటే పెద్దమ్మ ఏడుపు ఆపలేకపోయింది. ఇప్పుడు బ్రిడ్జి దిగగానే మహారాష్ట్ర.

అక్కడ బోర్డులు మరాఠీలో, మాటలు తెలుగులో. అంకీస, ఆసరెల్లి ఊళ్ళ దాకా ఇళ్ళల్లో తెలుగే నడుస్తుంది, పిల్లల చదువు మరాఠీలో సాగుతుంది. జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్ల దూరం. అందుకే పెళ్ళి బట్టలకైనా, పెద్ద డాక్టరుకైనా వీళ్ళు నది దాటి మన వైపే వస్తారు. అక్క కొడుకు ఐదో తరగతి. మనం చాట అనేదాన్ని బడిలో సూప్ అంటారని, మేదరివాళ్ళను బురుడ్ అంటారని దారిలోనే నాకు నేర్పాడు.

మేదరి అవ్వ ఇంటి ముందు రేకుల పందిరి. గోడకు మేదర కేతయ్య పటం ఉంది. 12వ శతాబ్దంలో బసవన్న వెంట నడిచిన శరణుడు, బుట్టలు అల్లి బతికినవాడు. ఆ పటం కింద కూర్చుని అవ్వ ఒక కోళ్ళ గంపకు అంచు కడుతోంది. సిబ్బి కావాలన్నాను.

"గిప్పుడు బొంగు ఏడిది బిడ్డా?" అంది తల ఎత్తకుండానే.

నాకు అర్థం కాలేదు. ఊరు చుట్టూ అడవి పెట్టుకుని బొంగు లేకపోవడమేంటి? అవ్వ చెప్పుకొచ్చింది. వానలకు వెదురు పొదల్లో కొమ్ములు మొలుస్తాయి. ఆ నెలల్లో అడవిలో నరకడం ఆపేస్తారు. మళ్ళీ దసరా దాటాకే కత్తి పడేది. నరికేటప్పుడు కూడా ఏ బొంగంటే ఆ బొంగు పనికిరాదు. ఏడాదిది లేతగా ఉండి ఎండాక ముడుచుకుపోతుంది, ముదిరింది పెళుసుగా విరుగుతుంది. రెండు మూడేళ్ళది కావాలి, అదీ పచ్చిగా ఉండాలి. పచ్చి బొంగు వెన్నలాగా చీలుతుంది, ఎండిందైతే వంకర తిరిగి పేలికలవుతుంది. జనానికేమో సరిగ్గా వానలు వెనకపట్టే ఈ రోజుల్లోనే సిబ్బి గుర్తొస్తుంది. ఏడాది మొత్తంలో గిరాకీ ఉన్న పది రోజులు, బొంగు దొరకని పది రోజులు ఒకటే. ఇది విన్నాక నాకు నిజంగా దిగులేసింది. మన పండుగ వీళ్ళకు ఎంత ఇబ్బందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు.

పెరట్లో నీళ్ళ తొట్టిలో నాలుగు బొంగులు నానుతున్నాయి. ఎండాకాలంలో తెచ్చి నీడకు దాచినవి. మా అమ్మ మాట చెప్పాక అవ్వ లేచి అందులోంచి ఒకటి తీసింది.

ఆ తర్వాత మూడు గంటలు అక్కడే కూర్చున్నాను. బొంగు చివర కత్తి ఆనించి కర్రతో ఒక్క దెబ్బ. రెండు చెక్కలైంది. కత్తి కిందికి దిగుతుంటే ఒక్కో కణుపు దగ్గర ఠప్ ఠప్‌మని చప్పుడు. నాలుగు, ఎనిమిది, పదహారు. తర్వాత ఒక్కో బద్దను అడ్డంగా పొరలు తీసింది. ఒక పొర పంటితో పట్టింది, ఇంకోటి ఎడమ చేత్తో లాగింది, మధ్యలో కత్తి నడిచింది. పై తోలు పొర గట్టిది, అంచుకూ కట్టుకూ అదే. లోపలి గుజ్జు పొర మెత్తన, తొందరగా పుచ్చేది కూడా అదే. చవక బుట్టల్లో ఎక్కువగా ఉండేది ఆ గుజ్జేనట. తొడ మీద మందపాటి గోనె ముక్క వేసుకుని, ఈనెను దాని మీద ఆనించి కత్తి కింద నుంచి లాగుతూ, మధ్యమధ్య వెలుగుకు ఎత్తి చూసుకుంటుంది. వెలుగు ఈనెలోంచి కొంచెం కనిపిస్తే చాలు, పక్కన పెడుతుంది.

నేనూ ఒకటి లాగి చూశాను. బొటనవేలి గోరు కిందికి పేడు దిగింది. అవ్వ పిన్నీసుతో తీసి, తన చెయ్యి చూపించింది. చూపుడు వేలు మొదట్లో చర్మం చెక్కలాగా ఉంది, దాని మీద లెక్కలేనన్ని సన్నని గీతలు.

అల్లిక మొదలయ్యాక మాట్లాడలేదు. ఈనెలు నడుమ కలిసేలా పరిచి, మడమతో తొక్కిపట్టి, రెండు పైకి రెండు కిందికి, గుండ్రంగా తిప్పుతూ పోయింది.

మధ్యాహ్నం బావ భోజనానికి పిలిచాడు. వెదురు గొడవ ఎత్తితే ఆయన దగ్గర చాలా సంగతులున్నాయి. 1927 అటవీ చట్టం వెదురును చెట్ల లెక్కలో వేసింది. గడ్డి జాతిదాన్ని చెట్టు అంటే, నరికినవాడు దొంగ అవుతాడు. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని చిన్నతరహా అటవీ ఉత్పత్తి అన్నది. అయినా ఊరివాళ్ళు తమ వెదురు తాము అమ్ముకునే హక్కు చేతికి రావడానికి 2011 దాకా పట్టింది. అదీ ఈ జిల్లాలోనే, ధనోరా తాలూకా మెండా లేఖా గ్రామానికి మొదట దక్కింది. అడవి బయట పెంచిన వెదురును చెట్ల జాబితాలోంచి తీసేసింది 2017లో. "మరి అవ్వకు?" అన్నాను. పేరు నమోదైన బురుడ్లకు అటవీ శాఖ డిపోలో రాయితీ మీద బొంగులు ఇస్తారు, కానీ అవి పచ్చిగా ఉన్నప్పుడే అందితేనే లాభం అన్నాడు బావ.

సాయంత్రానికి సిబ్బి తయారైంది. 250 అంది. నా నోటికి అలవాటైన మాట వచ్చేసింది, "రెండొందలకు ఇయ్యి అవ్వా" అన్నాను. ఆమె కోపం చేసుకోలేదు. "బొంగు ఎనభై. దానికి రెండు సిబ్బిలు ఎల్లుతయి. రోజుకొకటి అల్లుత" అంది అంతే. అంటే బొంగు ఖర్చు నలభై పోను రోజంతా కష్టానికి 210. ఆ ఏడు, 2025లో, మహారాష్ట్రలో ఉపాధి హామీ రోజు కూలి 312 ఉండేది. ఇంత పనితనం తెలిసిన చెయ్యి మట్టి తట్ట మోసినదానికంటే తక్కువకు కూర్చుంటోంది. నేను అందులోంచి కూడా యాభై కోయబోయాను. అంగడిలో బేరగాడికి గుత్తగా ఇస్తే 150 కూడా రాదట. 250 చేతిలో పెట్టాను. దసరా తర్వాత పచ్చి బొంగుతో పెళ్ళి గంప ఒకటి అల్లిపెట్టమని అడ్వాన్స్ ఇచ్చాను. మా చెల్లెలి పెళ్ళి మాఘంలో ఉంది, మేనమామ దాన్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తేవాలి.

"పిల్ల ఎంత బరువుంటది?" అని అడిగింది అవ్వ. యాభై రెండు కిలోలన్నాను. "గట్లయితే అడుగుకు తోలు బద్దలే ఏస్త" అంది. వచ్చేటప్పుడు, "వారం దినాలు పొయ్యి మీద పొగకు కట్టుండ్రి, పుచ్చు పట్టది" అని రెండుసార్లు చెప్పింది.

మా ఇంట్లో గ్యాస్ పొయ్యి. అమ్మ పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, నీళ్ళు కాగబెట్టే నెపంతో వారం రోజులు పొగ పెట్టింది. పండుగ చివరి రోజు, సద్దుల నాడు చెరువు గట్టు మీద మా బతుకమ్మ కింది సిబ్బి చూసి ఆరుగురు ఎక్కడిదని అడిగారు. మర్నాడు అక్కకు ఫోన్ చేసి ఆరు కావాలని చెప్పించాను. అవ్వ జవాబు సాయంత్రానికి వచ్చింది. తొట్టిలో ఒక్క బొంగే మిగిలిందట. రెండు సిబ్బిలు ఇప్పుడు, మిగిలిన నాలుగు అడవి తెరిచాక.