ఆటోనగర్ కమాన్ కట్ట, ఏడో రికార్డింగు: వణుకు ఇంకా చావలేదు

లారీ కమాన్ కట్టను సుత్తితో కొడుతూ ఆ మోతను మెటల్ గిటారుతో కలిపి రికార్డు చేస్తున్నా. మళ్లీ అదే వణుకు. గిటారు లో-ఏ తీగ మీటి వదలగానే రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే గిటారు ముక్క) కింద సెకనుకు ఐదుసార్లు దడ. డ్రమ్ మెషీన్ 220 బీపీఎం (నిమిషానికి 220 బీట్లు) బ్లాస్ట్ బీట్‌తో, అంటే ఎడతెగని అతివేగపు డ్రమ్ దరువుతో, చక్కగా కూర్చుంది, దాంతో గొడవ లేదు.

తీగ 55 హెర్ట్జ్, కరెంటు లైను నుంచి వచ్చే హమ్ (గుయ్‌మనే శబ్దం) 50. తేడా 5. గిటారూ, లారీ కమాన్ కట్టకు అంటించిన పియెజో (కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే డిస్క్) రెండూ ఒకే హెచ్ఎం-2 డిస్టార్షన్ పెడల్‌లోకి వెళ్తున్నాయి కాబట్టి పెడల్ ఆ తేడాను బయటికి లాగుతోంది. విడివిడిగా డిస్టార్ట్ చేసి మిక్సులో కలిపితే ఈ గొడవ ఉండదు. కానీ అప్పుడు మెటలూ నాయిసూ పక్కపక్కన కూర్చుంటాయి, ఒకదాన్నొకటి నమలవు.

కట్టను ముట్టుకోకుండా పియెజో ఛానెల్ ఒక్కటే చూస్తే 50 దగ్గర హమ్ −38 డీబీ (అంకె ఎంత కిందికి పోతే హమ్ అంత తక్కువ). 27 మి.మీ. డిస్క్ వైర్లు తారుమారయ్యాయి: ఇత్తడి వైపు షీల్డుకు, తెల్ల సెరామిక్ వైపు సిగ్నల్‌కు పోవాలి. మార్చాక −50. రంగు అడ్డుపడి ఇనుము గ్రౌండుకు తగలడం లేదు. ఎమెరీ పేపరుతో గీకి విడిగా గ్రౌండు వైరు బిగిస్తే −57. అడాప్టర్ తీసి 9 వోల్టుల బ్యాటరీ పెడితే 100 హెర్ట్జ్ పోయింది. 50 మాత్రం కదల్లేదు, హెచ్ఎం-2 గెయిన్ ముందు −57 కూడా ఎక్కువే.

80 హెర్ట్జ్ హైపాస్‌ను (అంతకంటే కింది శబ్దాన్ని కోసే ఫిల్టర్) హెచ్ఎం-2 తర్వాత పెట్టడం దండగ, కలవాల్సినవి అప్పటికే కలిసిపోయాయి. ముందు పెడితే వణుకు సగం తగ్గింది, సుత్తి దెబ్బ బరువూ దాంతోపాటే పోయింది. నాయిస్ గేటు (శబ్దం తగ్గగానే సిగ్నల్‌ను మూసేది) నోటు మోగినంతసేపూ తెరిచే ఉంటుంది, వణుకు వచ్చేదీ అప్పుడే. పియెజో వెళ్లే ఇన్‌పుట్ నిరోధాన్ని 10 కిలో ఓమ్‌లకు మారిస్తే హమ్ మాయం! ఆ సంతోషం రెండు నిమిషాలే. 20 నానోఫారడ్ డిస్క్‌తో అది 800 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేస్తుంది. కట్ట కాస్తా రేకు డబ్బా అయింది. మళ్లీ 1 మెగా ఓమ్‌కే.

ఇక అనుమానం పియెజోకూ బఫర్‌కూ (పియెజో బలహీన సిగ్నల్‌ను గట్టిపరిచే చిన్న సర్క్యూట్) మధ్య ఉన్న రెండు మీటర్ల వైరు మీద, హమ్‌ను పట్టుకుంటున్నది అదేనేమో. బఫర్‌ను కట్టకు 10 సెం.మీ. దగ్గరకు తేవాలి.

అన్నట్టు, హెచ్ఎం-2 నాబులన్నీ చివరిదాకా తిప్పడం స్వీడిష్ డెత్ మెటల్‌కు సరే. ఇనుము తోడైతే 1 కిలోహెర్ట్జ్ దగ్గర చోటే మిగలదు. హై నాబ్ సగం చాలు.

బఫర్‌తోనూ కుదరకపోతే హమ్‌నే తంబురా అనుకోవడం: తీగను 49 హెర్ట్జ్ జీకి దించి 35 సెంట్లు (సెంటంటే సెమిటోన్‌లో నూరో వంతు) పెంచితే 50. కరెంటు గ్రిడ్ 49.90–50.05 హెర్ట్జ్ మధ్య ఊగినా వణుకు పది సెకన్లకోసారి మెల్లగా అలలా వస్తుంది, అది అందమే. 080 (0.080 అంగుళాల మందం) తీగ కావాలి, నట్ (గిటారు మెడ చివర తీగలు కూర్చునే పట్టీ) గాడి కాస్త అరగదీయాలి. లేదా 55లోనే ఉండి టెంపో 150కి తగ్గించడం: ఎయిత్ నోటు (అర బీట్) 200 మిల్లీసెకన్లు, దడ కూడా అంతే. బ్లాస్ట్ బీట్ మాత్రం వదులుకోవాలి. అందుకే ముందు 080.